విడి గ్లాసు

ఆ రోజులకి బెజవాడలో హెచ్‌ఐవి మందంటే చేతి చర్మం కింద ఇమిడిపోయే చిన్న గింజ. వైరస్ అణిగిపోయి, ఇక ఎవరికీ అంటుకోదని తేలితే అది పచ్చగా వెలుగుతుంది. వంటమనిషి నాంచారమ్మ చేతిలో ఏళ్ల తరబడి పచ్చగానే వెలుగుతోంది.

ఇంటి యజమానురాలు హైమవతి రోజూ గుమ్మంలో ఆ వెలుగు చూసిగానీ ఆమెను లోపలికి రానిచ్చేది కాదు. చూశాక కూడా టీ విడి గ్లాసులోనే పోసేది. ఆ గ్లాసు చోటు పెరటి కుళాయి గట్టు. నాంచారమ్మ వండిన వంకాయ కూర మాత్రం వేళ్లు నాకుతూ తినేది.

హెచ్‌ఐవి ఉన్నవాళ్లని బాగా చూసుకుంటున్నందుకు నగరానికి అవార్డొచ్చింది.

"రేపు కాలనీ సభలో నీకు శాలువా కప్పుతున్నాం. సొంత మనిషిలా చూస్తున్నామని నాలుగు ముక్కలు చెప్పు. చెప్పలేనంటే వేరే వంటమనిషిని చూసుకుంటా," అంది హైమవతి నవ్వుతూనే.

మర్నాడు వేదిక మీద అందరికీ పింగాణీ కప్పుల్లో టీ తెచ్చారు. నాంచారమ్మ సంచిలోంచి గ్లాసు తీసి మైకు ముందు పెట్టింది.

"నాకిందులో పొయ్యండయ్యా. హైమవతమ్మగారింట్లో నా గ్లాసిదే. అలవాటైపోయింది."

సభంతా హైమవతి వైపు తిరిగింది. నాంచారమ్మ తీరిగ్గా టీ తాగి, ఖాళీ గ్లాసు ఆమె ఒళ్లో పెట్టింది.

"మీరే ఉంచుకోండమ్మా. రేపట్నించి వంటమనిషి మీరేగా."