ఎర్రదారం కట్టిన సీసా

“నా పేరు ఏడుంది సార్?”

గోడకు కట్టిన ఫ్లెక్సు ముందు నిలబడి ముత్తుసెల్వి అడిగింది. ‘వాన లేకున్నా నిలిచే పత్తి’ అని పైన పెద్దక్షరాలు. కింద ప్రొఫెసర్ రామసుబ్బు పేరు. దాని కింద ఆయన మేనల్లుడు ముత్తురామన్ పేరు. అంతే.

కోవిల్‌పట్టి దాటి విరుదునగర్ రోడ్డులో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీలో ఆ పొద్దు ఆయుధపూజ. రామసుబ్బు చందనం పళ్ళెం పట్టుకుని లాబులో యంత్రాల మధ్య తిరుగుతున్నాడు. ఆయనా ముత్తుసెల్వీ తెలుగు ఇళ్ళలో పుట్టినవాళ్ళే అయినా, నలుగురిలో ఉంటే ఇద్దరూ తమిళమే మాట్లాడతారు. ఎవరూ లేకపోతే ఇంటి తెలుగు.

“పేరుకేముంది పాపా? వానికి ఉద్యోగం కావాల. నువ్వు ఆడబిడ్డవి, రేపెవడో కట్టుకొని పోతాడు.”

“నాలుగేండ్లు నేను చేస్తిని సార్. ఆయన ఒక్క ఆకన్నా కోసినాడా?”

“కోస్తాడులే. వచ్చే వారం విత్తనాల కంపెనీవాళ్ళు వస్తారు. వాడు చూపిస్తాడు, నువ్వు కాఫీ ఇయ్యి. నీ డిగ్రీకి సంతకం పెట్టేది నేనే, మర్సిపోవద్దు.” పళ్ళెం ఆమె చేతిలో పెట్టాడు. “ఇంద, సీసాలకు బొట్టు పెట్టు. నీ చెయ్యి మంచిది.”

ముత్తుసెల్వి పళ్ళెం వైపు చూసింది. తల్లి చీకటితోనే శివకాశి వ్యాను ఎక్కి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వేళ్ళు కాల్చుకుని చదివించింది. ఆ చదువంతా ఈ కాఫీ పళ్ళేనికా?

ఆ లాబులో పనంతా మట్టిలో బతికే ఒక బాక్టీరియాతో. దానికి పుట్టుకతో ఒక దొంగవిద్య ఉంది. మొక్కకు గాయమైన చోటు వెతుక్కుని అంటుకుంటుంది, తన జీన్‌ను లోపలికి తోసేస్తుంది. మనకు కావలసిన జీన్‌ను దానికి తగిలిస్తే దాన్నీ మోసుకుపోతుంది. జీన్ నిజంగా ఆకులో చేరిందో లేదో తెలియాలి కదా, అందుకు సాక్షిగా ఇంకో జీన్ వెంట పోతుంది. ఆకుముక్కను మందునీళ్ళలో ఉంచితే, చేరినచోట నీలం తేలుతుంది. చేరకపోతే, పచ్చదనం కడిగేశాక ముక్క తెల్లగా మిగులుతుంది. తన ఆకు మొదటిసారి నీలమైనప్పుడు ముత్తుసెల్వి కళుగుమలై పోయి మురుగనికి తలనీలాలు ఇచ్చి వచ్చింది.

ఎర్రదారం కట్టిన సీసాలో జీన్ మోసే బాక్టీరియా. తెల్లదారం సీసాలో ఉత్త బాక్టీరియా, పోల్చి చూసుకోవడానికి. చూపుకు రెండూ పలచటి గంజినీళ్ళే. ఆయుధపూజ నాడు పాతదారాలు తీసేసి, సీసాలు తుడిచి, కొత్తదారాలు కట్టాలి.

ముత్తుసెల్వి కట్టింది. ఎర్రది తెల్లదానికి, తెల్లది ఎర్రదానికి.

“ఏమ్మే, పండ్లు పటపటా కొరుక్కుంటా బొట్టు పెడుతుండావు?” నేల తుడుస్తున్న పాపమ్మాళ్ అడిగింది.

“మంత్రం చదువుతుండా అత్తా.”

ఆ తరువాత ముత్తురామన్ వేలు కోసుకుంటూ ఆకులు కోశాడు, ముక్కల్ని ఎర్రదారం సీసాలో ముంచాడు. చివరికి వాటిని రామసుబ్బు తన గదిలోకి తీసుకుపోయి, ఇంక్యుబేటర్ అనే వెచ్చపెట్టెలో పెట్టి, తాళం వేసుకున్నాడు. ఎప్పుడూ అంతే. మందునీళ్ళు కలిపేదీ ఆయనే, మరునాడు ముక్కలు బయటికి తెచ్చేదీ ఆయనే. మందు చాలా ఖరీదు, ఇంకొకరి చేతికిస్తే ఒలకపోస్తారని ఆయన భయం.

కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద పరమేశ్వరి మేడమ్ ముందు వరసలో కూర్చుంది. ముత్తుసెల్వి కాఫీ పళ్ళెం పట్టుకుని రామసుబ్బు మొహం బాగా కనబడే చోటు చూసుకుని నిలబడింది. తెల్లటి ముక్కలు చూసి ఆ మొహం ఎట్లా పాలిపోతుందో వారమంతా తలుచుకుని తలుచుకుని నవ్వుకుంది.

ముత్తురామన్ ఆకుముక్కల గిన్నె మూత తీశాడు.

నీలం! ప్రతి ముక్కా చిక్కటి నీలం.

చప్పట్లు మోగాయి. ముత్తుసెల్వి మెడ చాచి చూసింది. లేని జీన్‌కు నీలం ఎట్లా వస్తుంది? మరుక్షణం ఆమెకు వెలిగింది. ముక్కలు తెల్లగా మిగిలేసరికి మేనల్లుడి పరువు కోసం ముసలాయన రంగు వేసినాడు! తాను తవ్వింది చిన్న గుంత. ఆయన దాన్ని బావి చేసుకుని మరీ దూకాడు.

పళ్ళెం బల్లమీద పెట్టి, అందరికీ వినబడేలా తమిళంలో చెప్పింది.

“మేడమ్, ఆ సీసాలో జీన్ లేదు. దారాలు నేనే మార్చాను. నా డిగ్రీ పోతే పోనీ. ఈ నీలం ఎక్కడి నుంచి వచ్చిందో సార్ గదిలో వెతికించండి.”

పరమేశ్వరి లేచింది. గది తెరిపించింది. వెచ్చపెట్టె వెనక నుంచి బట్టలకు వేసే నీలిమందు సీసా ఒకటి బయటికొచ్చింది, సగం ఖాళీగా. ముత్తురామన్ తల ఎత్తలేదు. కంపెనీవాళ్ళు సంచులు సర్దుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. పరమేశ్వరి మాత్రం గుమ్మంలో నిలబడి ఎవరికో ఫోను చేస్తోంది.

ముత్తుసెల్వి రామసుబ్బు ఎదురుగా పోయి నిలబడింది. ఇప్పుడు ఇంటి తెలుగులో అడిగింది.

“ఇప్పుడు చెప్పండి సార్. నా నాలుగేండ్ల పనికి ఎవరి పేరు పెడతారు?”

రామసుబ్బు కోపపడలేదు. జాలిగా చూశాడు.

“పిచ్చి పాపా! నాలుగేండ్లు నీ ఆకులు మాత్రం దేంతో నీలమాయెననుకొంటివి?”