పెరటి గులకరాయి

పెరట్లోంచి తెచ్చిన గులకరాయిని కొండ కొన మీద పెట్టి నాన్న చతికిలబడ్డాడు. ఎక్కిన ప్రతి శిఖరం మీదా ఒకటి పెట్టడం ఆయన పద్ధతి.

"అయిపోయిందే తల్లీ. ఈ చుట్టుపక్కల పెద్ద కొండలన్నీ ఎక్కేశాను. డాక్టరు మాట విని ఇక మోకాళ్లకి సెలవిచ్చేస్తా."

అంతలో మబ్బు విడిపోయింది. లోయ అవతల, ఇంతకంటే ఎత్తుగా, అసలు శిఖరం నిలబడి ఉంది. మబ్బులో ముందు నడిచి దారి చూపించింది కూతురే. గబుక్కున వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"ఇటు చూడు నాన్నా, ఫొటో తీస్తాను."

ఆయన ఫొటోకి నవ్వాడు. తీశాక కూడా ఆమె కదల్లేదు.

"ఎంతసేపని అలా అడ్డం నిలబడతావే? కాళ్లు నొప్పెడతాయి, కూర్చో" అంటూ నాన్న గులకరాయిని తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.