ఎమ్రిస్ బరువు

కాలేజీ చదువు నా గుండెను గడ్డకట్టించిందని మా ఇంట్లో అందరి నమ్మకం. శిక్షణలో బాంబరు విమానం కూలి చనిపోయిన తమ్ముడు ఎమ్రిస్ శవపేటికను రైల్లో వెంటబెట్టుకొచ్చింది నేనే. ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఇక వాళ్లకు వేరే రుజువెందుకు?

"ఒక్కసారి మూత తియ్యవే ఓల్వెన్. జుట్టు దువ్వి పంపిస్తాను," అంది అమ్మ, దువ్వెన పట్టుకుని.

"తియ్యకూడదమ్మా. మా ఆస్పత్రి పైవాళ్ల ఆర్డరు."

"ఆర్డర్లు నీకు. నేను కన్నతల్లిని!"

పేటికకు అడ్డంగా నిలబడ్డాను. అమ్మ నా చెంప పగలగొట్టింది.

గనిలో పలకరాళ్లు మోసే మావయ్య జట్టువాళ్లు కూడా చర్చి చేరేలోపు పేటికను రెండుసార్లు కిందకు దించారు.

"పుల్లలా ఉండేవాడు, ఇంత బరువెప్పుడెక్కాడే!" అన్నాడు మావయ్య రొప్పుతూ. "ఈ యుద్ధం రేషన్లో మనకు దొరకని వెన్నంతా వీడికే పెట్టినట్టున్నారు."

ఏడుస్తున్న అమ్మ మొహం విప్పారింది. "విన్నారా, నా బిడ్డ కడుపునిండా తిన్నాడు," అని దారిపొడవునా కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

పొగమంచులో ఎమ్రిస్ విమానం మా వేల్స్ కొండనే గుద్దుకుంది. అందులో ఉన్న ఐదుగురు కుర్రాళ్లకూ కలిపి దొరికింది ఒక బకెట్టుకు మించదు. వైమానిక స్థావరం ఆస్పత్రిలో నా పనల్లా ఖాళీ పేటికల్లో ఇసుక పోసి, మేకులు కొట్టించడం.

నిన్న ఇంకో విమానం కూలిందని కబురొచ్చింది. రేపు పొద్దుటి బండికి వెళ్తున్నాను. ఈసారి ఇసుక తక్కువ పోస్తాను.