బీరువాలో చందమామ

"ఆ రాయికి పరీక్షలూ గట్రా వద్దులేవే!" తాతయ్య, అమ్మమ్మ ఒకేసారి అన్నారు. తను వద్దన్నాడంటే అర్థముంది, ఈవిడకేమొచ్చిందని తాతయ్యకు ఆశ్చర్యం.

చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్ల మీద వెలుగు వేసి, వాటిలో ఏ ఖనిజాలున్నాయో చెప్పడమే మనవరాలి ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో తాతయ్య "చందమామ ముక్క" అని ఇస్తే అమ్మమ్మ బీరువాలో దాచుకున్న రాయిని, వాళ్లిద్దరితో పాటే ల్యాబుకు తెచ్చి, ఆమె యంత్రంలో పెట్టేసింది. తెరమీద గీత వంకర్లు పోయింది.

"తాతయ్యా, ఇది సిమెంటు పెళ్ల!"

"సిమెంటేంటే? ఏట్లో నేను స్వయంగా ఏరిన..." తాతయ్య నాలిక్కరుచుకున్నాడు.

అమ్మమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఏట్లోనా? మీరిచ్చింది పిల్లి మీదికి విసిరి పారేసుకున్నానండీ! మీరు బాధపడతారని దీన్ని తెచ్చి పెట్టా. చందమామను పోగొట్టానని, ఇన్నేళ్లూ పున్నమినాడు తలెత్తి చూస్తే ఒట్టు!"

పున్నమి రాత్రి తను మేడ మీదికి రమ్మంటే దోమలని వంక పెట్టేది ఇందుకన్నమాట.

"ఇవాళ పున్నమే," తాతయ్య గొణిగాడు. "వస్తావా?"

"వస్తా. చుక్కను కోసుకొచ్చానని మాత్రం మళ్లీ ఏదీ చేతిలో పెట్టకండి."