తొమ్మిది నిమిషాల అలక

హైమ భర్త మీద అలిగి హైదరాబాదులో కొత్తగా వచ్చిన మెరుపువేగపు విమానమెక్కింది. తొమ్మిది నిమిషాల్లో విశాఖలో దిగి అన్నయ్య ఇంటికి చేరింది. వదిన ఇచ్చిన కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది, గుమ్మంలో భర్త ప్రద్యుమ్న!

"చిన్నమాటకే ఇంత కోపమా? పద, తర్వాతి విమానానికి టికెట్లు తీసుకున్నా."

ఆ చిన్నమాట నిన్న చుట్టాల ముందు అతను ఆమె గురించి అన్నది: "దాని మాటలకేం లెండి." అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. ఎప్పుడు అలిగినా ఇంతే. కుదురుగా కూర్చుని ఏడ్చేలోపే వచ్చి తీసుకుపోతాడు.

"ఇప్పుడు వెళ్ళిపో. రేపు రైల్లో రా, అప్పుడొస్తాను."

"రైలా? పగలంతా పడుతుంది!"

"పట్టనీ. దారి పొడుగునా ఆ మాట తల్చుకుంటూ రా."

అతను విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దుటి నుంచీ హైమ కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి వీధి గుమ్మానికీ, మళ్ళీ వంటింట్లోకీ తిరుగుతోంది.

"ఈపాటికి రాజమండ్రి దాటుంటాడా వదినా?"

"అసలాయన ఎక్కారో లేదో ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"వద్దొదినా. ఎక్కకపోయుంటే, ఆ సంగతీ సాయంత్రానికే తెలియనీ."