అడ్డగడియ

పాతకోట బురుజును కలుపుకుని కట్టిన చర్చి అది. గోడలు బారెడు మందం, కిటికీలకు బదులు తుపాకీ కన్నాలు. పూర్వం దోపిడీ దండు వస్తే ఊరంతా అందులోనే దాక్కునేదట. అందుకే రోజూ తలుపు మూసేముందు, బయట మిగిలినవాళ్ల కోసం కాపలావాడు చీకట్లోకి ఓ కేక వేయడం ఆనవాయితీ.

అరవైతొమ్మిదిలో ఉద్యమం గొడవలకు బస్సులు బందై, కాపలా సాంసన్ జనగామ నుంచి నడిచొచ్చాడు. కాళ్లు పీకుతున్నాయి. అడ్డగడియ వేసి, ఖాళీ చర్చిలో చాప మీద వాలాక గుర్తొచ్చింది, కేక వేయలేదని. మళ్లీ లేచే ఓపిక లేదు. పడుకునే అరిచాడు.

"ఇంకెవరన్న బయట ఉన్నరా?"

బయట కుక్క కూడా మొరగలేదు. కళ్లు మూసుకున్నాడు.

బురుజు లోపలి నుంచి ఓ ముసలి గొంతు నెమ్మదిగా పలికింది.

"లేరు బిడ్డా. అందరం లోపల్నే ఉన్నం. పండుకో."