ఒక్క కార్బన్ తక్కువ

నూకరాజు సీసాని కాలితో తన్నాడు. కొత్త తెప్పకి పూజ చేసి, తాగడానికి ఉంచుకున్న సరుకంతా ఇసకలో ఇంకిపోయింది.

పైడయ్య తన కొడుకు చెంప పగలగొట్టాడు. "గంగమ్మకి సూపించిన సారా తన్నేస్తావట్రా! కాలేజీకెల్లీసరికి అయ్య కళ్లకానడం లేదేటి?"

"అది సారా కాదయ్యా, విషం! హార్బర్లో మావయ్య సీసాలు నింపిన పీపా ఇప్పుడే సూసొచ్చాను. మిథనాల్ అని రాసుంది."

"నోర్ముయ్! అగ్గిపుల్లెట్టి నానే సూసేను. నీలంగా మండింది. మంచి సారా అలాగే మండుద్ది."

"ఇదీ అలాగే మండుద్ది. రెండూ ఆల్కహాలే. సారాలో కార్బన్లు రెండు, దీన్లో ఒకటే."

"ఒకటి తక్కువైతే నిషా తక్కువ. అంతే కదేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు పకాలున నవ్వారు. నూకరాజుకి దెబ్బకన్నా ఆ నవ్వే ఎక్కువ మండింది.

"నవ్వండి! ఇది తాగినోడికి ముందు కళ్లు పోతాయి, తర్వాత పేనం పోద్ది. కొట్టయ్యా, ఇంకా కొట్టు! ఇంకో సీసా తెస్తే అదీ తన్నుతాను."

పైడయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకో సీసా..." పైడయ్య సముద్రం వైపు తిరిగాడు. "మీ మావయ్య తెప్పలో ఎట్టుకుని ఎల్లిపోనాడ్రా."

అలలకవతల ఆ మావయ్య, తాతబాబు, కొత్త తెప్ప మీద నిలబడి తెడ్డేస్తున్నాడు. పైడయ్య తలపాగా ఊడదీసి ఊపుతూ నీళ్లలోకి పరుగెత్తాడు.

"బావా, తాగకురా! నా మీదొట్టు, తాగకు! మా వోడు సెప్తన్నాడు... సదూకున్నోడు సెప్తన్నాడ్రా!"